చూశాకే సంతకం

"కవరు తియ్యలేదండి."

గునపం పక్కన పెట్టి, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ కడియం నుంచి వచ్చిన మేస్త్రీ అన్న మాట ఇది. హైదరాబాద్ పడమటి వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో దారి పొడుగునా నేను 14 పొగడ చెట్లు వేయించాను. వాటిలో నాలుగు రెండో వేసవి దాటలేదు. నీళ్లు సరిగ్గా పెట్టలేదని కాంట్రాక్టరు అన్నాడు. చెదలు పట్టిందని మాలి అన్నాడు. మొక్కలే నాసిరకమని కాలనీ సంఘం వాళ్లు అన్నారు. చివరికి ఒకదాన్ని తవ్వించాను. నర్సరీ నుంచి వచ్చిన నల్ల పాలిథిన్ సంచి మట్టిలో చెక్కుచెదరకుండా ఉంది. వేళ్లు బయటికి దారి దొరక్క సంచి లోపలే తిరిగి తిరిగి, పగ్గం చుట్టలా బిగిసిపోయాయి. చుట్టూ మేం పోయించిన ఎర్రమన్ను, చివికిన పశువుల ఎరువు పోసింది పోసినట్టే ఉన్నాయి. రెండేళ్లలో ఒక్క వేరు కూడా అక్కడిదాకా రాలేదు.

నాటే ముందు సంచి పూర్తిగా కోసి తీసేయాలని నా డ్రాయింగులో రాసే ఉంది. సూచనల పట్టికలో 23వది. ఆ కాగితం చూపించి నేను తప్పుకోవచ్చు. కానీ మొక్కలు నాటిన రోజు నేను సైట్‌లో లేను. వేరే మీటింగు ఉందని మర్నాడు వెళ్లాను. అప్పటికే పాదులు కట్టేశారు, నీళ్లు పెట్టేశారు, వరుస తీరుగా ఉంది. చూసి ముచ్చటపడి, ఫోటో తీసుకుని, కాంట్రాక్టరు బిల్లు మీద సంతకం చేశాను. పని సరిగ్గా జరగడం నేను చూశాను అని ఆ సంతకానికి అర్థం. నేను చూడలేదు.

చచ్చిపోయిన నాలుగింటి చోట నా డబ్బుతో కొత్తవి పెట్టించాను. బతికున్న పదింటి పాదులూ తవ్వించాను. ఇంకో రెండింటికి సంచి అలాగే ఉంది. మేస్త్రీ కత్తితో దాన్ని నిలువునా చీల్చి, ముక్కలు ముక్కలుగా లాగి తీశాడు. ఆ రెండూ ఇప్పుడు పూస్తున్నాయి.

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ చదివి, తోటలు, పార్కులు, క్యాంపస్‌లు డిజైన్ చేయడానికి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనో మరో చోటో మీరు బాగా చదువుకునే వచ్చి ఉంటారు. గీయడం వచ్చు, మొక్కల శాస్త్రీయ నామాలు వచ్చు, కంప్యూటర్‌లో అడవిని నిలబెట్టడం వచ్చు. సంతకం పెట్టడం ఒక్కటి ఇక్కడికొచ్చాక నేర్చుకోవాలి. వేరే వృత్తుల్లో ఉన్నవాళ్లకూ ఇది పనికొస్తుంది. నాకు తెలిసింది ఈ పని కాబట్టి దీన్నే పట్టుకుని చెప్తాను.

అసలు ఆ సంతకం ఎవరు పెట్టొచ్చో ముందు చూద్దాం. మన దేశంలో 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివాళ్లు ఆర్కిటెక్ట్ అనే పేరు వాడుకోకూడదు. అదే చట్టం 37వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌లకు, ఓడలు రూపొందించే నేవల్ ఆర్కిటెక్ట్‌లకు ఆ నిషేధం వర్తించదు. అమెరికా రాష్ట్రాల్లో లైసెన్సు పద్ధతి ఉంది. పరీక్షలు పాసవాలి, అనుభవం చూపించాలి. అక్కడ ఈ వృత్తిలో స్థిరపడిన మన పిల్లలకు ఆ కష్టం తెలుసు. ఇక్కడ రేపు పొద్దున ఎవరైనా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అనే పేరుతో బోర్డు పెట్టుకోవచ్చు. 2003లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ ఉంది, కానీ అందులో చేరడం చేరకపోవడం మన ఇష్టం.

దీన్ని స్వేచ్ఛ అనుకునేవాళ్లున్నారు. నాకైతే భయం వేస్తుంది. పరీక్ష పెట్టేవాళ్లు లేరంటే ఆ పరీక్ష ఎవరికి వాళ్లే పెట్టుకోవాలి. రోజూ పెట్టుకోవాలి.

ముందు, మాటను కాగితం మీద పెట్టడం అలవాటు చేసుకోండి. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. తెలిసినవాళ్ల ద్వారా పని వస్తుంది. ఫీజు సంగతి "చూద్దాంలెండి" అంటారు, మనమూ తలూపుతాం. ఆర్నెల్లు తిరిగేసరికి అదే మనిషితో మాటలుండవు. ఒప్పందం రాసుకోవడం అంటే ఎదుటివాళ్లను అనుమానించడం అనుకోకండి. ఎన్నిసార్లు సైట్‌కు వస్తారు, ఏ దశలో ఎంత తీసుకుంటారు, డిజైను మారిస్తే అదనం ఎంత, నాటిన మొక్కను ఎంతకాలం ఎవరు సాకాలి అన్నవి ముందే తేల్చుకోవాలి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. మన వాతావరణంలో ఒక నిండు వేసవి, ఒక నిండు వానాకాలం గడిస్తే గానీ మొక్క నిలదొక్కుకుందో లేదో చెప్పలేం. అందుకే ఏడాది పోషణ కాంట్రాక్టరుదేనని, పోయిన మొక్క స్థానంలో అదే ఎత్తుది పెట్టాలని నేను రాయిస్తాను. మొక్క పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఎత్తు, కాండం చుట్టుకొలత, సంచి సైజు కూడా రాయాలి. ‘వేప, 50’ అని రాస్తే జానెడు మొలకా వేపే, పది అడుగుల చెట్టూ వేపే.

సైట్ నుంచి వచ్చిన సాయంత్రమే ఒక మెయిల్ పంపండి. పెద్ద భాష అక్కర్లేదు. నేను రాసేవి ఇలా ఉంటాయి: "ఈ రోజు సైట్‌లో అనుకున్నవి. ఈశాన్యంలో వేప చెట్టు ఉంచుతున్నాం, ప్రహరీ గోడ రెండు అడుగులు జరుపుతున్నారు. కొట్టాల్సి వస్తే వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఈత కొలను చుట్టూ నున్నటి రాయి వద్దని చెప్పాను, గరుకు రాయి నమూనా శుక్రవారానికి తెస్తామన్నారు. బోరు నీటి పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు, అది వచ్చాకే మొక్కల జాబితా ఖరారు చేస్తాను."

ఆ రాయి సంగతి కూడా చెప్పాలి. ధర తక్కువని చివరికి నున్నటి రాయే వేశారు. తొలకరి వానకు ఒక పెద్దావిడ జారిపడి మణికట్టు విరిగింది. డిజైను చేసినవాళ్లదే తప్పని నా మీదికి వచ్చారు. నేను మెయిల్ తీసి చూపించాను, గొడవ ఆగిపోయింది. అయితే ఆ మెయిల్ నన్ను కాపాడింది గానీ ఆవిణ్ని కాపాడలేదు. ఆ సంగతి నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచి రాసి ఊరుకోవడం మానేశాను. రాయి సైట్‌లో దిగిన రోజే వెళ్తాను. ఒక పలక పరిపించి, దానిమీద బకెట్ నీళ్లు పోయించి, రబ్బరు చెప్పులేసుకుని నాలుగడుగులు నడుస్తాను. కాలు జారితే లారీ వెనక్కి పంపిస్తాను. మీరూ ఈ పని చేయండి. పది నిమిషాలు పడుతుంది.

ఇక కమిషన్. దీని గురించి మన వృత్తిలో గొంతు తగ్గించి మాట్లాడతారు. నేను తగ్గించను. మొక్కల ఆర్డరు పెద్దదైతే నర్సరీ నుంచి ఫోన్ వస్తుంది, "మీది మీకు పంపించేస్తాం సార్" అని. పేవింగు రాయి, లైట్లు, డ్రిప్ పైపులు అమ్మేవాళ్ల దగ్గరా ఇదే ఆనవాయితీ. మీరు కౌన్సిల్‌లో నమోదైన ఆర్కిటెక్ట్ అయితే 1989 వృత్తి ప్రవర్తన నిబంధనలు మిమ్మల్ని కట్టేస్తాయి. పనులు ఇప్పించే విషయంలో కమిషన్లు, బహుమతులు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. నమోదు కాకపోయినా సరే, ఆలోచించండి. ఒకచోట మీకు వాటా ఉందని తెలిశాక మీ కన్ను మారిపోతుంది. అక్కడ దొరికే మొక్కే ఈ నేలకు సరిపోతుందని మీకే అనిపించడం మొదలవుతుంది. మీరు అబద్ధం ఆడుతున్నారని మీకే తెలియదు. నేను అలాంటి ఫోన్‌కు ఒకటే జవాబు చెప్తాను: "ఎంత తగ్గించగలరో అంతా ఓనర్ గారి బిల్లులోనే తగ్గించండి." కోపం అక్కర్లేదు, ఉపన్యాసం అక్కర్లేదు. రెండుసార్లు అలా అంటే మూడోసారి ఆ ఫోన్ రాదు. మొదటి సంవత్సరంలోనే అనేయండి. ఐదేళ్లు తీసుకున్నాక మానడం కష్టం.

తెలియనిది తెలియదని చెప్పడానికి కూడా సాధన కావాలి. టెర్రస్ మీద తోట కావాలని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. ఒక లెక్క చూడండి. నీళ్లు తాగిన మట్టి ఘనమీటరుకు సుమారు 1,800 కిలోలు తూగుతుంది. ఒక అడుగు మందం పోస్తే చదరపు మీటరుకు దాదాపు 550 కిలోలు. ఇళ్ల స్లాబులకు మనుషులు, సామాన్ల కింద మామూలుగా లెక్కవేసే బరువు చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోలు. అంటే మూడింతలు ఎక్కిస్తున్నాం. చెట్టు, తొట్టి, నీళ్లు, చుట్టూ కట్టే గట్టు ఇంకా కలపలేదు. "పర్లేదులెండి, గట్టిగానే కట్టారు" అని ఇంటాయన అంటారు. మీరు మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వకంగా సరేనన్నాకే ఒక్క తట్ట మట్టి ఎక్కించండి. "ఈ విషయం నాకు తెలియదండీ, తెలిసినవాళ్లను పిలుద్దాం" అన్నంత మాత్రాన నా దగ్గరికి వచ్చిన పని ఎప్పుడూ వెనక్కి పోలేదు. రిటైనింగ్ గోడకైనా, చెరువు గట్టుకైనా ఇంతే.

కొన్ని మాత్రం మనకు తెలిసి తీరాలి. గన్నేరు విషమని పల్లెటూళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. అయినా బడి ఆవరణలో, పిల్లలు ఆడుకునే చోటు పక్కన గన్నేరు, పచ్చగన్నేరు వరుసగా పెట్టిన డ్రాయింగులు నా బల్ల మీదికి వచ్చాయి. ఎండకు ఆగుతుంది, పశువు ముట్టదు, ఏడాది పొడుగునా పూస్తుంది అని కారణాలు చెప్పారు. పశువు ఎందుకు ముట్టదో ఆలోచించలేదు.

ఇంతకంటే పెద్ద పాఠాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం చెట్లను వేళ్లతో సహా పెకలించింది. ఊరు బోసిపోయింది. మళ్లీ త్వరగా పచ్చబడాలన్న ఆత్రం అందరిదీ. అప్పుడు ఆల్‌స్టోనియా, అంటే ఏడాకుల చెట్టు, పెద్ద ఎత్తున నాటారు. పెరిగింది, నీడనిచ్చింది. చలికాలం ముందు అది పూసినప్పుడు ఆ ఘాటుకు తలనొప్పి వస్తోందని, ఉబ్బసం ఎక్కువవుతోందని జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు. తెలంగాణలో హరితహారం పేరుతో మొక్కలు నాటినప్పుడు రోడ్ల మధ్య కోనోకార్పస్ అలాగే నాటారు. త్వరగా పెరిగి నిండుగా పచ్చగా కనిపించే మొక్క అది. తర్వాత ఇక నాటవద్దని చెప్పాల్సి వచ్చింది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. కోనోకార్పస్ నిజంగా ఎంత చెడ్డదన్న దానిమీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా బాధ ఆ మొక్క మీద కాదు, ఒకే మొక్కను వేలకు వేలు నాటడం మీద. అమెరికాలో ఫ్రాంక్ సాంటమూర్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు 1990లో ఒక కొలత చెప్పాడు. ఊళ్లో నాటే చెట్లలో ఏ ఒక్క జాతీ 10 శాతం మించకూడదు, ఒకే ప్రజాతికి చెందినవి 20 శాతం, ఒకే కుటుంబానికి చెందినవి 30 శాతం మించకూడదు. తెగులొచ్చినా, పుప్పొడి పడకపోయినా ఊరంతా ఒక్కసారే నష్టపోకుండా ఉండటానికి ఇది. మన దగ్గర కానుగ, నేరేడు, రేల, పొగడ, మోదుగ, రావి, వేప ఉన్నాయి. జాబితా రాసేటప్పుడు ఒక్క వరుస దగ్గర ఆగిపోకండి. మీరు రాసిన చెట్టు గాలిని పీల్చేవాళ్లు మీ ఆఫీసుకు ఎప్పుడూ రారు, మీకు ఫీజు ఇవ్వరు. వాళ్ల తరఫున మాట్లాడగలిగింది మీరే.

మాట్లాడాలంటే కాదనడం రావాలి. కాదనడం అంటే పోట్లాట కాదు. ఒక బిల్డర్ మేనేజరు ఏప్రిల్ నెలాఖరులో ఫోన్ చేశారు.

"సార్, మే 20న ఓపెనింగ్. పెద్దవాళ్లు వస్తున్నారు. ఇరవై అడుగుల చెట్లు ఓ అరవై, లాన్ మొత్తం, పచ్చగా కనపడాలి."

"కనపడుతుందండీ. జూన్ కల్లా సగం ఎండిపోతాయి."

"జూన్ సంగతి తర్వాత చూద్దాం సార్."

"ఫ్లాట్లు కొన్నవాళ్లు దిగేది జూన్‌లోనే కదండీ."

ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. నేను అప్పుడు ఖర్చు చెప్పాను. అరవై పెద్ద చెట్లు తేవడానికి ఎంత, అందులో ఎన్ని పోవచ్చు, మళ్లీ వేయడానికి ఎంత. తర్వాత ఇంకో దారి చూపించాను. గేటు దగ్గర తొట్లలో పూల మొక్కలు, దారి పక్కన నీడకు పందిరి, చెట్ల గుంతలు మాత్రం ఇప్పుడే తవ్వి ఎరువు నింపి ఉంచడం, తొలకరి పడగానే నాటడం. ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, అలాంటి పని ఒకటి వదులుకున్నాను కూడా. గమనించండి, "వద్దు" అని చెప్పి ఊరుకోలేదు. ఎందుకు వద్దో లెక్కతో చెప్పాను, బదులు ఏం చేయొచ్చో చేతిలో పెట్టాను. కాదనడానికి వెళ్లేటప్పుడు వట్టి చేతులతో వెళ్లకూడదు.

రేపటివాళ్ల తరఫున ఇవాళ గీయడం అంటే ఏమిటో చూడాలంటే న్యూయార్క్ సెంట్రల్ పార్కు ప్లాను చూడండి. 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ ఇద్దరూ కలిసి గీసింది. పోటీలో 33 ప్లాన్లు వచ్చాయి. పార్కును అడ్డంగా దాటే రోడ్లు ఉండాలని షరతు. వీళ్లిద్దరూ నాలుగు రోడ్లనూ నేల మట్టానికి కిందుగా దించేశారు. పైన పచ్చిక, చెట్లు, నడిచే మనుషులు, కింద బండ్లు. అప్పటికి ఆ పార్కు ఊరి చివర ఉంది, చుట్టూ పెద్దగా ఇళ్లు కూడా లేవు. మోటారు కారు ఇంకా పుట్టలేదు. ఈ రోజు ఆ రోడ్ల మీద టాక్సీలు, బస్సులు పోతుంటే పైన నడిచేవాళ్లకు ఆ సంగతే పట్టదు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అనే పేరును వృత్తిగా నిలబెట్టింది ఓమ్‌స్టెడే. కళ్ల ముందు లేని రద్దీని ఊహించి గీసిన మనిషి పెట్టుకున్న పేరు మనం పెట్టుకుంటున్నాం.

మీ గీతను నేల మీదికి తెచ్చేవాళ్ల గురించి కూడా రెండు మాటలు. మే నెల మధ్యాహ్నం గుంతలు తవ్వే ఆడవాళ్లకు నీడ ఉందా, తాగే నీళ్లున్నాయా, పురుగుమందు కొట్టే కుర్రాడి చేతికి గ్లవుజులు, మూతికి మాస్కు ఉన్నాయా? ఇవి కాంట్రాక్టరు చూసుకోవాల్సినవి, నిజమే. సైట్‌కు వెళ్లిన ప్రతిసారీ మీరు అడిగితే ఆయన చూసుకుంటారు. అడగకపోతే చూసుకోరు. వాళ్లతో మర్యాదగా మాట్లాడండి, పేరు తెలుసుకోండి. నా ఇరవై మూడో సూచన మేస్త్రీ దాకా చేరలేదు, ఎందుకంటే అది ఇంగ్లీషులో ఉంది. ఇప్పుడు నాటే సూచనలు తెలుగులో, పెద్ద అక్షరాలతో, బొమ్మ వేసి ఒకే పేజీలో ఇస్తున్నాను. మొదటి లైను: సంచి కోసి తీసి పక్కన పెట్టండి, లెక్క చూసుకుంటాను. సాయంత్రానికి ఎన్ని మొక్కలు నాటారో అన్ని ఖాళీ సంచులు నాకు చూపించాలి. 80 మొక్కలు నాటితే 80 సంచులు. లెక్క సరిపోయాకే సంతకం.

సంతకంతో పని అయిపోదు. మీరు చేసి, డబ్బు పుచ్చుకుని, మరిచిపోయిన మొదటి పని ఏదో గుర్తు చేసుకోండి. ఈ ఆదివారం అక్కడికి ఒంటరిగా వెళ్లండి. కెమెరా ఇంట్లో వదిలేయండి. వాన పడ్డాక నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, బెంచీ మీద ఎవరైనా కూర్చుంటున్నారో లేదో, జనం మీరు వేసిన దారిలో నడుస్తున్నారో పచ్చిక మీద వాళ్ల దారి వాళ్లు తొక్కుకున్నారో చూడండి. మాలి ఉంటే పక్కన కూర్చుని, ఇక్కడ మీకు ఎక్కువ ఇబ్బంది పెట్టేదేంటని అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. సోమవారం మీరు గీయబోయే డ్రాయింగు పక్కన ఆ కాగితం పెట్టుకోండి.